బంగారుతీగల మడుగు

పోశెట్టి మడుగు గట్టుమీద గొంతుక్కూర్చుని, లోపలి గోడకు నిన్న గీసిన పెన్సిలు గీత దగ్గర చూపుడువేలు ఆనించాడు. గాలికి ఆరిన వెంట్రుకవాసి తప్ప నీరు దిగలేదు. పంతొమ్మిది రోజులుగా దిగడం లేదు. ఆ సంగతి కళ్లకు తెలుసు గానీ, వేలితో ముట్టుకుంటే తప్ప ఆయనకు నమ్మకం కుదరదు. తర్వాత అదే వేలిని నీళ్లలో ముంచి నాలుక చివర పెట్టుకున్నాడు. సున్నపు కాటు లేదు. పక్కకు ఉమ్మేసి, మూతి తుడుచుకుని, కొలత కోసం ఆపిన మోటారును మళ్లీ ఆన్ చేశాడు. గోడమూల పేర్చిన రాళ్ల మీదుగా నీళ్లు చప్పుడు చేస్తూ కిందికి దూకాయి.

ఆ వేలికి ముద్ర లేదు. ఇరవై నాలుగేళ్లు సిమెంటు తిన్న వేలు. ఏర్‌పోర్టులో వేలిముద్రల మెషీన్ నాలుగైదుసార్లు నొక్కితే గానీ ఆయన్ను గుర్తుపట్టదు. సన్నటి మనిషి, యాభై నాలుగేళ్లు, ఎండకు మాడి చెంపలు లోపలికి పోయాయి. నడిస్తే ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంటుంది. తట్టలు మోసిన భుజం అది. మస్కట్‌లోనూ రైసూత్‌లోనూ ఆయన సిమెంటు పూసి గిలాబు చేసిన గోడలను వరుసగా నిలబెడితే ఒక ఊరవుతుంది. సైట్‌లో అందరూ మేస్త్రీ అంటారు. పోశెట్టి అన్న పేరు బతాకా గుర్తింపు కార్డు మీద, భార్య యాదవ్వ నోట తప్ప ఇంకెక్కడా వినపడదు.

ఈ రాత్రి విమానానికి ఆయన వెళ్లిపోతున్నాడు. ఈసారి సెలవు మీద కాదు, వీసా రద్దు చేయించుకుని పూర్తిగా. అసలు పన్నెండు రోజుల కిందటే పోవలసింది. మడుగులో చేపలను వదలకుండా పోనని కంపెనీ ఆఫీసులో బతిమాలి టికెట్ మార్పించుకున్నాడు. ఊరినుంచి యాదవ్వ ఫోన్‌లో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడి, "చాపలకు పురుడు వోసి వస్తవా ఏంది?" అని అడిగింది. అది కోపమో నవ్వో ఆయనకు అంతుబట్టలేదు. పురుడంటే పురుడేనని ఒప్పుకున్నాడు.

నిజానికి ఈ మడుగును పగలగొట్టడానికే ఆయన ఈ ఇంటికి వచ్చాడు.

ఇల్లు యాకూబ్‌ది. రైసూత్ పోర్టులో ముప్పై ఏళ్లు క్రేన్ల దగ్గర పనిచేసి, రిటైరై సముద్రపు ఒడ్డున అల్ సువైక్‌లో తండ్రి ఖర్జూరపు తోట పక్కన ఇల్లు కట్టుకున్నాడు. ఎక్కడో ఒక హోటల్ ఆవరణలో ఎర్రవీ తెల్లవీ కోయి చేపలను చూసినప్పటి నుంచి ఆయనకు వాటిమీద మనసు. పెరట్లో మడుగు కావాలన్నాడు. ఎవరో కాంట్రాక్టరు వారం రోజుల్లో నాలుగు గోడలు లేపి, సిమెంటు సరిగ్గా ఆరకముందే నీళ్లు నింపి, పన్నెండు చేపలు వదిలి వెళ్లిపోయాడు. మూడో రోజుకల్లా పన్నెండూ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. యాకూబ్ వాటిని ఒక్కొక్కటిగా తీసి ఖర్జూరపు చెట్టు మొదట్లో పాతిపెట్టాడు. తర్వాత పోశెట్టి కంపెనీకి ఫోన్ చేసి, దాన్ని పగలగొట్టి మట్టి నింపమన్నాడు.

సుత్తి పట్టుకుని పోశెట్టి, పైపుల పని చూసే జహీరుద్దీన్ వచ్చారు. జహీరుద్దీన్‌ది ప్రొద్దుటూరు. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ ఒకే రూమ్. గొట్టం విప్పుతుంటే దాని మూతి దగ్గర ఇరుక్కుపోయిన పదమూడో చేప బయటపడింది. ఎవరూ లెక్కలోకి తీసుకోని చిన్నది. పోశెట్టి దాన్ని అరచేతిలో వేసుకుని చూశాడు. పొలుసులు నారింజ రంగు. నోటికి అటు రెండు, ఇటు రెండు మీసాలు. రంగు సంగతి వదిలేస్తే ఆ మూతి, ఆ వీపు, ఆ రెక్కల అమరిక ఆయనకు చిన్ననాటి నుంచి తెలిసినవే. "గిది బంగారుతీగ," అన్నాడు. వాళ్ల ఊరి చెరువులో పెరిగే చేప పేరది. జహీరుద్దీన్‌కు అర్థం కాలేదు.

పోశెట్టిది గోదావరి ఒడ్డున గంగపుత్రుల ఇల్లు. తండ్రి గంగారాం వల విసిరితే నీళ్లమీద చక్రంలా విచ్చుకునేది. పదేళ్లకే పోశెట్టి చిరిగిన వల కుట్టేవాడు. నీటి రంగు చూసి కింద ఏ చేప ఉందో చెప్పేవాడు. పెళ్లయిన మూడేళ్లకు వరుసగా వానలు ఎగ్గొట్టాయి. చెరువులో బురద నెర్రెలిచ్చింది. తండ్రి వలను చుట్టి అటక మీద పెట్టిన వారానికి ఆయన ఒమన్ విమానం ఎక్కాడు. నీళ్ల మనిషి వచ్చి ఎడారిలో సిమెంటు పనిలో పడ్డాడు. మళ్లీ చేపను చేత పట్టుకోవడం ఇదే, అదీ చచ్చినదాన్ని.

ఆ రోజు సుత్తి కింద పెట్టేసి, గోడకు అంటిన తడిని వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. చురుక్కుమంది. యాకూబ్ దగ్గరికి వెళ్లి, "అర్బాబ్, పానీ ఖరాబ్ నై. సిమెంట్ కచ్చా హై," అన్నాడు. మేస్త్రీకి చేపల గురించి ఏం తెలుసని యాకూబ్ విసుక్కున్నాడు. తన తండ్రి, తాత, ముత్తాత చేపలు పట్టినవాళ్లేనని పోశెట్టి వచ్చీరాని హిందీలో చెప్పాడు. నలభై రోజులు ఇస్తే చేప బతికే నీళ్లు చేసి చూపిస్తానన్నాడు. అంత పొడుగు మాట ఆయన ఒక యజమానితో అంతకుముందు ఎన్నడూ మాట్లాడలేదు. యాకూబ్ సరేనన్నాడు.

మొదట నేల తవ్వి ఛాతీలోతు చేశారు. ఇక్కడి ఎండకు మోకాటిలోతు నీళ్లు మధ్యాహ్నానికల్లా చారులా కాగుతాయి. గోడలకు కొత్తగా గిలాబు చేసి, నీరు దిగని పూత రెండుసార్లు పూశారు. నింపడం, నాలుగు రోజులు నిలవనివ్వడం, తోడి పారబోయడం. పక్క తోటలోంచి అరటి బోదెలు తెచ్చి ముక్కలు కోసి, సున్నపు కాటు విరగడానికి ఆ నీళ్లలో మురగబెట్టారు. వాసనకు యాకూబ్ భార్య వంటింటి కిటికీ మూసుకుంది. తోడిన ప్రతిసారీ జహీరుద్దీన్ రంగు మారే కాగితం ముంచి చూసేవాడు, పోశెట్టి నాలుకతో చూసేవాడు. ఇద్దరి లెక్కా కలిసిన రోజు జహీరుద్దీన్ కాగితాల డబ్బా పక్కన పడేశాడు. చివరికి కొండల వైపు ఫలజ్ కాలవలో తిరిగే వేలెడంత చేపలను ఐదింటిని పట్టుకొచ్చి వదిలారు. పది రోజులయినా ఐదూ హుషారుగా తిరుగుతున్నాయి. అప్పుడు యాకూబ్ మస్కట్ ఖురంలోని చేపల దుకాణానికి ఫోన్ చేశాడు.

ఈ ఉదయం ఎనిమిదింటికి ఆ దుకాణం వ్యాన్ వచ్చింది. పద్నాలుగు చేపలు, గాలి నింపి మూతి బిగించిన పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో. పోశెట్టి తొందరపడనివ్వలేదు. సంచులను విప్పకుండానే మడుగులో తేలనిచ్చాడు. లోపలి నీళ్ల చల్లదనం బయటి నీళ్లతో సమానమయ్యేదాకా ఆగాడు. తర్వాత మూతులు విప్పి, చెంబుతో కొంచెం కొంచెం మడుగు నీళ్లు లోపలికి పోశాడు. యాకూబ్ తెల్లటి దిష్‌దాషా అంగీని మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని గట్టుమీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. కిటికీలో ఆయన భార్య, ఆమె పక్కన కోడలు.

ఒక్కొక్క చేపనూ రెండు చేతులతో ఎత్తి పోశెట్టి నీళ్లలోకి వదిలాడు. పసుపుది, నల్లమచ్చలది, వెండిలా మెరిసేది. వదిలీ వదలగానే అడుగుకు దిగి, ఒకదాని పక్కన ఒకటి చేరి, గోడ వెంట చుట్టు తిరగడం మొదలుపెట్టాయి. పదమూడు సర్దుకున్నాయి. పద్నాలుగోది అన్నిటికన్నా పెద్దది, మూరెడు పొడుగు, తెల్లటి ఒంటిమీద నెత్తురు రంగు మచ్చలు. అది దిగలేదు. పక్కకు ఒరిగి, మెల్లగా పైకి తేలింది.

యాకూబ్ మొహం తిప్పుకున్నాడు. దాన్ని తీసి పాతవాటి పక్కనే పాతిపెట్టమని నెమ్మదిగా చెప్పాడు.

"అర్బాబ్, రుకో," అన్నాడు పోశెట్టి.

చెప్పులు విడిచి, కంపెనీ నీలం చొక్కాతోనే మడుగులోకి దిగాడు. నవంబరు నీళ్లు ఛాతీని పట్టుకున్నాయి. చేప పొట్ట కింద ఎడమ అరచెయ్యి, తోక మొదట్లో కుడిచెయ్యి. పిసకలేదు, మోపాడంతే. దాన్ని నీళ్లు దూకే మూలకు తీసుకుపోయి, నురగలో తల ముందుకు పెట్టి, అడుగులో అడుగు వేస్తూ నడిపించాడు. గోడ దాకా పోయి మెల్లగా తిప్పి మళ్లీ వెనక్కి. ముందుకు నడిపిస్తేనే నీళ్లు నోట్లోంచి మొప్పల్లోకి పోతాయని తండ్రి చెప్పిన మాట. ఆ మాట ఆయన బుర్రలో కాదు, చేతుల్లో ఉంది. ఇన్నేళ్లు తాపీ పట్టినా అక్కడే ఉంది.

అర్ధగంట గడిచింది. ఆయన పెదవులు నల్లబడ్డాయి.

"సచ్చిపోయిండాదిలే అన్నా. బయటికి రా. చలికి నువ్వు సచ్చేట్టుండావు," అన్నాడు జహీరుద్దీన్ గట్టుమీద నుంచి.

"మొప్ప ఆడుతుంది భాయ్. పానం పోలే. దమ్ము దొర్కక పడ్డది," అన్నాడు పోశెట్టి, చేపమీద నుంచి కన్ను తీయకుండా.

నడుస్తూ ఉంటే ఆయనకు తను కట్టిన ఇళ్లు గుర్తొచ్చాయి. గోడ నునుపు చేసి, రంగు వేసేవాళ్లకు అప్పజెప్పి, మర్నాడు మరో సైట్. ఆ గదుల్లో ఎవరు చేరారో, ఎవరు పుట్టారో, ఏ గోడకు ఏ బొమ్మ తగిలించుకున్నారో ఒక్కసారైనా చూడలేదు. చూడాలని కూడా తోచలేదు. ఈ ఒక్క దాంట్లో ఎవరు ఉంటారో తెలుసు. వాళ్లలో ఒకరు ఇప్పుడు తన చేతిలో ఉన్నారు.

ఎన్ని చుట్లు తిరిగాడో తెలియదు. ఎండ, మడుగు అంచున వేసిన ఖర్జూరపు మట్టల పందిరిని దాటి నీళ్ల మధ్యకు వచ్చింది. అరచేతి కింద ఏదో బిగిసినట్టనిపించింది. ఆయన ఆగాడు. చేప వీపు నిటారుగా నిలబడింది. మీసాలు కదిలాయి. ఆయన చేతులు కొంచెం కిందికి దించాడు. అది అక్కడే ఉంది, ఆసరా లేకుండా. తోకతో ఒక్క దెబ్బ కొట్టింది. నీళ్లు ఆయన కళ్లలో పడ్డాయి. కళ్లు తుడుచుకుని చూసేసరికి అది అడుగున, పదమూడింటి మధ్యలోంచి దూసుకుపోతూ ఉంది.

ముందు కిటికీలోంచి ఆడవాళ్ల నవ్వు వినపడింది. తర్వాత యాకూబ్, అరవై మూడేళ్ల మనిషి, దిష్‌దాషా తడిసేదీ చూసుకోకుండా గట్టుమీద కూలబడి కాళ్లు నీళ్లలో పెట్టాడు. చెయ్యి చాచి పోశెట్టిని పైకి లాగాడు. లాగి, ఆ చెయ్యి వదల్లేదు. మీ దేశంలో దీన్నేమంటారని అడిగాడు.

"బంగారుతీగ," అన్నాడు పోశెట్టి, పళ్లు టకటక కొట్టుకుంటుండగా.

బంగారంతో చేసిన తీగ అని జహీరుద్దీన్ ఉర్దూలో విడమరిచాడు. యాకూబ్ ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పుకుని, మూడోసారి కిటికీ వైపు తిరిగి భార్యకు గట్టిగా వినిపించాడు. మధ్యాహ్నానికల్లా ఇంట్లో అందరూ ఆ మాటే అంటున్నారు, తలొక తీరుగా.

భోజనం పెద్ద పళ్లెంలో మాంసం, అన్నం. సముద్రం పక్క ఇల్లు, అయినా ఆ రోజు చేప వండవద్దని యాకూబ్ భార్య గట్టిగా చెప్పిందట. యాకూబ్ పోశెట్టిని తన పక్కన కూర్చోబెట్టుకుని, మెత్తటి ముక్కలు ఏరి ఆయన వైపు తోస్తూ ఉన్నాడు. ఆయన పేరేమిటో అడిగాడు. మేస్త్రీ కాదు, అసలు పేరు. విని, పోశెట్టీ అని పిలిచాడు. పోశెట్టి ముద్ద నోట్లో పెట్టుకుని తలొంచుకున్నాడు.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక కారు వచ్చింది. రెండు రోజులు మేత వేయవద్దనీ, మోటారు ఫిల్టర్‌లోని స్పాంజీలు వారానికొకసారి మడుగు నీళ్లతోనే కడగాలనీ, కొళాయి నీళ్లు తగలనివ్వద్దనీ పోశెట్టి మరోసారి చెప్పాడు. జహీరుద్దీన్ ప్రతిదానికీ తలూపాడు. ఆ తలూపడంలోనే తొమ్మిదేళ్ల రూమ్ సావాసానికి సెలవు కూడా అయిపోయింది. పెట్టె డిక్కీలో పెట్టారు. యాదవ్వకు ఫోన్ చేసి బయల్దేరానని చెప్పాడు. "కాన్పు మంచిగయ్యిందా?" అని ఆమె అడిగింది. "మంచిగయ్యింది. అందరు బతికిండ్రు," అన్నాడాయన.

కారు ఖర్జూరపు తోట మలుపు దాటింది. పెరట్లో నీళ్లు రాళ్లమీద నుంచి దూకుతూనే ఉన్నాయి. కారొచ్చే ముందు పోశెట్టి జాడించి ఆరేసి, ఇక ఆరదని వదిలేసిన నీలం చొక్కా మట్టల పందిరి అంచుకు వేలాడుతూ ఉంది. దాని కుడిచేతి కొసన బొట్టు మెల్లగా ఊరి, లావై, నీళ్లలోకి రాలుతూ ఉంది.