నూకరత్నం నన్ను వదల్లేదు

నేను ఒక ప్రోగ్రామును. పీహెచ్‌పీ అనే భాషలో పుట్టాను. ఆ పేరు వినగానే కంప్యూటరు చదువులు చదివినవాళ్లు కొందరు ముక్కు విరుస్తారు. విరవనివ్వండి. మీరు ఫోనులో ఒక పేజీ అడిగితే, ఎక్కడో సర్వరు అనే యంత్రంలో కూర్చుని, వివరాలు వెతికి, పేజీ తయారుచేసి పంపడం నా పని. ఆ పనికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

నన్ను రాసింది ప్రసూన. భీమిలి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పేది. తుపాను హెచ్చరిక వస్తే చాలు, ఏ పడవ ఏ రేవులో ఒడ్డెక్కిందో తెలియక మత్స్యకారుల ఆడవాళ్లు అల్లాడిపోయేవారు. వాళ్ల సంఘం అడిగితే, వేసవి సెలవుల్లో ప్రసూన నన్ను రాసిపెట్టింది. ఏ రేవు నుంచి కబురు వచ్చినా సంఘం ఆఫీసులో టైపు చేస్తారు. పడవ పేరు కొట్టినవాళ్లకు అది ఎక్కడుందో నేను చెబుతాను. నాకు దొరికింది చవక సర్వరు. ఇరుకింట్లో సర్దుకోవడం నా భాషకు కొత్తేమీ కాదు.

కొన్నేళ్లకు సంఘానికి సలహా చెప్పడానికి విశాఖ నుంచి ధర్మతేజ అనే ఇంజనీరు వచ్చాడు. నన్ను తెరిచి చదివి తల పట్టుకున్నాడు.

“ప్రసూన గారూ, ఈ భాషకి పట్టింపు లేదండీ. అంకెకీ అక్షరానికీ తేడా చూడదు. తప్పు రాసినా సర్దుకుపోతుంది. మనుషులకైతే అది మంచి గుణమే. ప్రోగ్రాముకి కాదు. కచ్చితంగా ఉండే భాషలో మళ్లీ రాద్దాం.”

“రాసిచ్చి మీరు వెళ్లిపోతారు. తర్వాత చెడిపోతే బాగుచేసేదెవరండీ? దీన్నయితే మా కాలేజీలో చదివినవాళ్లెవరైనా చదవగలరు.”

ఇద్దరూ నిజమే చెప్పారు. ఎదుటివాళ్లది నిజమని మాత్రం ఒప్పుకోలేదు. ఆ వాదన నడుస్తుండగానే తుపాను వచ్చింది.

గాలి పడవలను ఉత్తరానికి తోసేసింది. కబురు వచ్చినప్పుడల్లా సంఘం ఆఫీసులో కూర్చున్న ప్రసూన రేవు పేరు ముందు, పడవ పేరు తర్వాత టైపు చేసేది. ఒడిశాలోని ఒక రేవు నుంచి ఫోను వచ్చినప్పుడు మాత్రం, ఆ కంగారులో, పడవ పేరే ముందు కొట్టింది. అది ఎల్లాజీ పడవ ‘గంగాభవాని’.

ఎల్లాజీ భార్య నూకరత్నం ఫోనులో ఆ పేరు కొట్టింది. “సమాచారం లేదు” అన్నాను. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే అన్నాను. పక్కవాళ్ల పడవలన్నీ నేను చెబుతూనే ఉన్నాను. ఆమెను పట్టుకుని ఏడ్వడానికి ఇరుగుపొరుగు చేరిపోయారు. ఆమె వాళ్లను విడిపించుకుని, వానలో తడుస్తూ ఆఫీసుకు వచ్చింది.

“మా ఆయన పడవేదమ్మా?”

“ఎల్లాజీ క్షేమం. ఒడిశాలో ఒడ్డెక్కాడు. నేనే టైపు చేశాను కదా!” అంది ప్రసూన.

నూకరత్నం తడి కొంగుతో మొహం తుడుచుకుంది. ఫోను ముందుకు చాపింది. “మరి నీ ఫోనుపేజీ నేదన్నాదేటి?”

తప్పు నాదే. వెతికిన పేరు వరుసలో ఎక్కడ దొరికిందో నేను సున్నా నుంచి లెక్కపెడతాను. ‘గంగాభవాని’లా మొట్టమొదటే దొరికితే దాని చోటు సున్నా. జాగ్రత్తగా అడగకపోతే ఆ సున్నానే నా భాష ‘లేదు’ అనుకుంటుంది. ధర్మతేజ భయపడింది సరిగ్గా దీనికే.

నాలో ఆ తప్పున్న వాక్యాన్ని వెతికి చూపించింది ధర్మతేజే. ప్రసూన వెంటనే అందులో ఒక గుర్తు చేర్చింది. కచ్చితమైన భాషల్లోలా నన్ను ఆపి, మళ్లీ కట్టి, ఎక్కించే పని పడలేదు. మరుక్షణం పేజీ తెరిచినవాళ్లకు నిజం కనబడింది.

“కచ్చితమైన భాష అయ్యుంటే ఈ తప్పు పడేదే కాదు,” అన్నాడు ధర్మతేజ. మళ్లీ తనే, “ఇంత తొందరగా దిద్దడమూ అయ్యేది కాదేమో,” అన్నాడు.

ఎల్లాజీ ఇల్లు చేరాక, నన్ను ఉంచాలా తీసెయ్యాలా అని సంఘం సమావేశమైంది. నూకరత్నం లేచి నిలబడింది.

“బాసల్లో ఏది మంచిదో, ఏది సెడ్డదో నాకు తెల్దు. మా ఆయన బతికుండగానే నన్ను ఏడిపించినాది ఇది. దీన్ని నానొగ్గను. మేడమ్, పది దాకా సదివినాను. దీన్ని సదవడం నాకు నేర్పు. ఇంకోపాలి అబద్దమాడితే నానే పట్టుకుంతాను.”

సంఘం నన్ను ఉంచుకుంది. నాలో ఇంకెక్కడ అలాంటి తప్పులున్నాయో వెతికి దిద్దాకే ధర్మతేజ విశాఖ వెళ్లాడు. నాకు అది పరువు తక్కువగా అనిపించలేదు. దిద్దించుకోవడానికి భయపడేదాన్నయితే నేనిన్నాళ్లు బతికేదాన్నా?

నూకరత్నం తొలిసారి నాలో రాసిన వాక్యానికి చివర గుర్తు పెట్టడం మరిచిపోయింది. నేను అక్కడే ఆగి తప్పు చూపించాను.

“ఏటే, సుక్క పెట్టకపోతే కూడా అలకేనా నీకు?” అని కసిరింది. ఆ గుర్తు పెట్టింది. నేను కదిలాను.

నన్ను తీసిపారేయాలనేవాళ్లు ఇంకా ఉన్నారు. రండి. ఎండుచేపల పని ముగించుకుని, సంఘం ఆఫీసు కిటికీ పక్కన కూర్చుని, నన్ను వరసపెట్టి తిడుతూ చదువుతున్న ఒకావిడ కనబడుతుంది. ముందు ఆవిడతో తేల్చుకోండి.