మూడు సెంట్ల ఇసుక

నేను ఒక ఇనుప గమేళాను. తారు ఖాళీ అయిన డ్రమ్మును కోసి, ఆ రేకును సుత్తితో కొట్టి కొట్టి ఒక కమ్మరి నన్ను లోతు చేశాడు. అప్పటి నుంచి మనుషుల నెత్తి మీదే బతుకుతున్నాను. నన్ను మోసేవాళ్ళు తల వంచరు. వంచితే నేను జారిపోతాను.

మొదట ఒక కాంట్రాక్టరు దగ్గర కంకర మోశాను. రోడ్డు పూర్తయ్యాక ఆయన నన్ను గట్టు మీద మరిచిపోయాడు. కూలికి వచ్చిన బృందావతి నన్ను ఇంటికి తెచ్చుకుంది. "మరిసిపోయినోడిది కాదు, మోసినదానిది" అంది.

ఆమెది ఒడిశా సరిహద్దున ఆంధ్రా వైపు ఊరు. ఏరే సరిహద్దు. ఆ శ్రావణంలో తుఫాను వాన మూడు రోజులు కురిసి, ఏరు పాత దారి వదిలేసింది. వరద తీసేసరికి బృందావతి అరెకరం ఏటికి అవతల ఉంది. నాట్లు కుళ్ళిపోయాయి. మళ్ళీ నారు పోద్దామంటే పల్లపు మళ్ళలో మోకాలి లోతు నీరు. మెరకగా ఉన్న మూడు సెంట్ల నారుమడి మీద జానెడు ఇసుక మేట. పది రోజుల్లో విత్తనం పడకపోతే ఆ ఏడు తిండిగింజ లేనట్టే.

భూమి కొలిచి నష్టం రాసే ఇవతలి సర్కారు బాబు ఒడ్డునే నిలబడి, "పొలం అవతల ఉంది కదమ్మా, వాళ్ళే రాయాలి" అన్నాడు. అవతలి బాబు కాగితాలు తిరగేసి, ఇది ఆంధ్రా భూమి అన్నాడు. ఒక్క మాట మీద మాత్రం ఇద్దరూ కలిశారు: కొలిచేదాకా ఇసుక ముట్టుకోకూడదు, ముట్టుకుంటే పరిహారం రాదు. ఇసుకకు అంత మర్యాద జరగడం నేనెక్కడా చూడలేదు.

పక్క పొలం సుభద్ర ఒడియా మనిషి. ఆమె ఇంటి అటక మీద విత్తనాలున్నాయి గాని, పొలమంతా నీళ్ళలోనే ఉంది.

"ఏటి సేత్తావొదినా? మీ బాబు కోసం సూత్తావా, మా బాబు కోసం సూత్తావా?" అని నవ్వింది.

"ఆలొచ్చేసరికి ఇసక మీద రేగుసెట్లు మొలుత్తాయి. ఇత్తనాలు నీయి, మడి నాది, నారు సగం సగం. పార అట్టుకో."

"పరిహారం పోద్ది మరి."

"ఆ పరమాన్నం తిన్నోల్ని ఎవుల్నైనా సూసినావేటి?"

తొమ్మిది రోజులు సుభద్ర తవ్వి నింపింది, బృందావతి మోసి ఏట్లో కుమ్మరించింది. మూడో నాడు తడి ఇసుక బరువుకు ఆమె మెడ పట్టేసింది. తలగుడ్డ ఇంకో మడత వేసుకుంది గాని నన్ను దించలేదు. ఎనిమిదో నాడు నా అడుగు అరిగి చిల్లు పడితే గోనెపీలిక కుక్కింది. పదో పొద్దున ఇద్దరూ మొలకెత్తిన వడ్లు చల్లారు.

నారు తీసే రోజున కొలబద్ద పట్టుకుని ఇవతలి బాబు పడవ దిగాడు. బృందావతి నన్ను బోర్లించి, నా మీద కూర్చుని నారు కట్టలు కడుతోంది.

"ఇసుక ఏదమ్మా?"

"ఏటిది ఏటికిచ్చేసినాం బాబూ."

"కొలవకముందే తీసేస్తే నష్టం లేదని రాయాల్సి వస్తుంది."

"అలగే రాయి. నట్టం నేదనే రాయి. అడ్డొచ్చీవోలెవులూ నేరు."

ఆయన కాగితాలు తీసి, కూర్చోవడానికి అటూ ఇటూ చూశాడు. చుట్టూ బురద. పొడిగా ఉన్నది నేనొక్కదాన్నే. ఆయన చూపు నా మీద ఆగింది.

"నించునే రాయి బాబూ" అంది బృందావతి. "తొమ్మిదినాళ్ళు మాం నించునే మోసినాం."

ఆమె లేవలేదు. చిల్లుపడ్డదాన్నే అయినా, ఆమె కింద నేనూ కదల్లేదు.