గంజి పెట్టిన మోకు

చౌడేశ్వరి గుడి ముందు రాతి స్తంభం నిలబెట్టడానికి కర్నూలు నుంచి క్రేన్ వచ్చింది గానీ, కోడుమూరు నేతగాళ్ల వీధిలో దూరలేక వెనక్కి పోయింది.

"పాతకాలంలో క్రేన్లు యాడుండాయప్పా? మనుషులే ఎత్తినారు," అన్నాడు కులపెద్ద మద్దయ్య.

అంతవరకు బాగానే ఉంది. స్తంభాన్ని లాగే మోకు మాత్రం తమ మగ్గాల నూలుతోనే పేనాలన్నాడు. అమ్మవారికి తమ కష్టం ముట్టాలట. పేనిన మోకుకు, మగ్గం మీద నిలువు పోగులైన పడుగుకు పెట్టినట్టే గంజి పట్టించారు. గంజి పెడితే పోగు తెగదని నేతగాడికి ఒకరు చెప్పాలా?

ఆరిన మోకు కట్టెలా బిగుసుకుపోయింది. మద్దయ్య మరదలు గంగాదేవి దాన్ని వంచి చూసింది.

"ముడి నిలబడేటట్టు లేదు బావా. కొబ్బరి మోకు తెప్పించు."

"పడుగుకు పనికొచ్చే గంజి దీనికి పనికిరాదా?" అన్నాడు మద్దయ్య. ఆడదాని మాట వింటే ఆయన పెద్దరికం ఏం కావాలి మరి.

స్తంభం పాతే గుంతలో, దాని మొదలు సరిగ్గా కూర్చునేలా గడ్డపారతో సర్దడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి గంగాదేవి మొగుడు, మద్దయ్య తమ్ముడు హరినాథ్. అన్న చెబితే బావిలోనైనా దూకే రకం.

అందరూ మోకు లాగారు. రాయి కొంచెం లేచినప్పుడల్లా దాని కింద మట్టి, బండలు కూరారు. సగం లేచాక ముడి జారింది. స్తంభం ఒరిగి, కూరిన బండల మీద పడి ఆగింది. దాని మొదలు తగిలి గుంతలో గడ్డపార వంగిపోయింది. హరినాథ్ మోచేయి గీరుకుపోయింది, అంతే. గంగాదేవి గుంత అంచుకు పరుగెత్తింది.

"ఏం కాలేదులే. ముడి మళ్లా వేయండి, ముహూర్తం దాటిపోతాంది," అన్నాడు మద్దయ్య.

"పైకి రా," అంది గంగాదేవి, మొగుడితో.

హరినాథ్ అన్న ముఖం వైపు చూశాడు. "అందరూ చూస్తాండారు. నువ్వు పో," అన్నాడు.

ఆమెకు కోపంతో ఏడుపొచ్చింది. కొంగు నడుముకు దోపి తనూ గుంతలోకి దిగి, అతని పక్కన నిలబడింది.

"లాగు బావా. మోకు మంచిదే కదా."

ముడి మళ్లా వేసి మోకు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే చేతులు వదిలేశారు. మద్దయ్య వదల్లేదు. కాళ్లు తన్నిపెట్టి, ఒక్కడే పట్టుకుని నిలబడ్డాడు.

హరినాథ్ ఈసారి అన్న ముఖం చూడలేదు, మోకు వదలని చేతులు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వంగిన గడ్డపార అక్కడే వదిలేసి, పెళ్లాం చేయి పట్టుకుని పైకెక్కాడు.