నైరుతి మూల బరువు

నేను ఒక ఫియట్ కారును. మొదటే చెబుతున్నాను, నన్ను ఎవరూ పొగడొద్దు. నా బానెట్ మీద చెయ్యి వేసి "ఏం బండండీ, మీగడ తరకలా ఉంది" అని ఎవరైనా అన్నారంటే, మర్నాడు వాళ్ళింట్లో పెళ్ళో, బారసాలో, తిరపతి ప్రయాణమో ఉండి తీరుతుంది. ఊరికే నన్ను మెచ్చుకున్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. మీరు మెచ్చుకున్నా సరే, మీకేం కావాలో ముందు చెప్పమంటాను.

పుట్టింది బొంబాయిలో. ఆ సంగతులు పెద్దగా గుర్తులేవు. చెవులు చిల్లులు పడే హోరు, పచ్చి రంగు వాసన, వరసలో నా ముందొకటి, వెనకొకటి అచ్చం నాలాంటివే. ముందున్నదానికి నాకన్నా మంచి అద్దాలు బిగించారేమోనని అప్పుడే అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఇప్పటికీ తీరలేదు.

తెనాలిలో శుభలేఖల ప్రెస్సు నడిపే గోవాడ రామబ్రహ్మం గారు ఎప్పుడో పేరు రాయించుకుని, ఏళ్ళ తరబడి ఎదురుచూసి, చివరికి బెజవాడ వచ్చి నన్ను కొన్నారు. అంతకాలం ఎదురుచూసిన మనిషి నన్ను చూసి మురిసిపోతాడనుకున్నాను. ఆయన పుచ్చకాయ కొనేవాడిలా నా తలుపు మీద వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నారు. టైర్లు నొక్కారు. హారను మోగించి, "ఇది రోజూ మోగుద్దా, ఇయ్యాల ఒక్కరోజే మోగుద్దా?" అని అడిగారు. నాకు మనిషి నచ్చాడు. అనుమానం నాకు పుట్టుకతో కొంత వచ్చినా, మిగతాది ఆయన దగ్గర నేర్చుకున్నదే. పెట్రోలు కొట్టించినప్పుడల్లా ఒక పొడవాటి పుల్ల ట్యాంకులో ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునేవారు. బంకువాళ్ళు మొహం మాడ్చుకున్నా ఆ పుల్ల మాత్రం మానలేదు.

తన ప్రెస్సులో శుభలేఖలు వేయించుకున్నవాళ్ళకి పెళ్ళిరోజున నన్ను పంపడం ఆయన పద్ధతి. బండి ఇచ్చేవారు గానీ స్టీరింగు ఇచ్చేవారు కాదు. ఎవరి పెళ్ళికైనా ఆయనే డ్రైవరు. పెళ్ళయ్యాక ఇంకో మర్యాద ఉంది. కొత్తల్లుడు మొదటిసారి అత్తారింట్లో అడుగు పెట్టాలంటే ఆ ఇంటివాళ్ళు బండి పంపాలి, పెళ్ళికూతురి అన్నో తమ్ముడో ఆ బండిలో వెళ్ళి "రా బావా" అని పిలవాలి. బండి రాకపోతే అల్లుడు అలుగుతాడు. మా పేటలో ఆ రోజుల్లో బండి అంటే నేనే కాబట్టి, ఎంతమంది అల్లుళ్ళు నా ముందు సీట్లో కూర్చుని అత్తారింటికి వచ్చారో చెప్పలేను. అత్తారు పెట్టిన వాచీ పాతదేమోనని దారిపొడవునా చెవి దగ్గర పెట్టుకుని విన్నవాళ్ళూ ఉన్నారు.

ఇంటికి రాగానే రామబ్రహ్మం గారు చీపురు తీసుకుని డిక్కీ ఊడ్చేవారు. దండలు పెట్టిన చోట ఒక్క రేకు కూడా మిగలనిచ్చేవారు కాదు. "పూరేకు కుళ్ళితే రేకుని తినేస్తది" అని పక్కనున్న కొడుక్కి చెప్పేవారు. ఈ చీపురు సంగతి మీరు గుర్తుంచుకోండి.

ఆయన కూతురు హైమావతి గుంటూరులో పంతులమ్మ, రోజూ రైల్లో వెళ్ళొచ్చేది. ఒక సాయంత్రం కుండపోతగా వాన. ఆమెను తీసుకురావడానికి స్టేషనుకి వెళ్ళాం. ముందు సీట్లో కొడుకు చంద్రమౌళి ఉన్నాడు, అప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. హైమావతితో పాటు ఇద్దరు పంతులమ్మలు నిలువునా తడిసి వెనక సీట్లో కూలబడ్డారు. వాళ్ళ వెనకే, పుస్తకాలు చొక్కాలో దాచుకుని ఒక మాస్టారు వచ్చాడు. "నాన్నా, ఈయన యేసుపాదం గారు. మా బళ్ళోనే లెక్కలు చెబుతారు. కాలవ అవతల దింపేద్దాం" అంది హైమావతి. రామబ్రహ్మం గారు అద్దం సగం దించి, అతన్ని పైనుంచి కిందికి చూసి, "సీట్లు తడుస్తయ్ లేమ్మా" అన్నారు. అప్పటికే నా వెనక సీటు మడుగైపోయి ఉంది. అద్దం పైకి లేచింది, నేను కదిలాను. అతను ఆ వానలోనే నిలబడిపోయాడు.

అతని కులం వేరు, మతం వేరు. హైమావతి మనసు ఎటుందో ఆ అద్దం ఎత్తిన చేతికి ముందే తెలుసునని నా అనుమానం. ఏడాది తిరక్కుండా ఆమె తల్లికి చెప్పి, తండ్రికి చెప్పి, ఇద్దరూ ఒప్పుకోకపోతే చేతిసంచితో గుంటూరు వెళ్ళిపోయింది. రిజిస్టరు పెళ్ళి ఫలానా రోజని తల్లికి కబురు పెట్టింది.

ఆ రోజు ఏం జరిగిందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెల్లారగానే రామబ్రహ్మం గారు నన్ను కడిగి, పూలకొట్టు దగ్గరికి తీసుకెళ్ళి రెండు గులాబీ దండలు కొన్నారు. జరీ దారం చుట్టిన పెళ్ళి దండలు. డిక్కీలో తడిగుడ్డ పరిచి వాటిని పెట్టి తాళం వేశారు. ఇంటికొచ్చి మంచి చొక్కా వేసుకుని, మళ్ళీ నన్ను స్టార్టు చేసి గేటు దాకా తెచ్చారు. వీధి అవతల అరుగు మీద ఆయన బావమరిది సాంబయ్య పళ్ళు తోముకుంటున్నాడు.

"ఎక్కడికి బావా, పొద్దున్నే తయారైనావు?"

అంతే అడిగాడు. అందులో విషం లేదు, వెటకారం కూడా లేదు. రామబ్రహ్మం గారు బ్రేకు తొక్కారు. "ఎక్కడికీ లేదు. బ్యాటరీ దిగిపోతదేమోనని తిప్పుతన్నా" అన్నారు. వెనక్కి తీసి షెడ్డులో పెట్టారు. డిక్కీ తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. ఆ రోజు నుంచి నన్ను ఏ పెళ్ళికీ ఇవ్వలేదు, తానూ ఎక్కలేదు. పూలు అలాగే లోపల ఉండిపోయాయి. ఊళ్ళో బంకులన్నిటినీ అనుమానించిన మనిషి, తన ధైర్యం ఎంత ఉందో ఒక్కసారి పుల్ల ముంచి చూసుకోలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

కొన్నేళ్ళకి ఆయన పోయారు. ఆ తాళంచెవి కూడా ఎటో పోయింది. చంద్రమౌళి చేతికి ఇల్లొచ్చాక నన్ను పాత ఇనుముకి వెయ్యబోయాడు. సరిగ్గా అప్పుడే వాస్తు చూసే ఒకాయన వచ్చి, ఇల్లంతా తిరిగి, నా షెడ్డు ముందు ఆగి, "నైరుతిలో బరువుంది, దీన్ని కదిలించారో ఇంటి యజమానికి మంచిది కాదు" అన్నాడు. చంద్రమౌళి భార్య కుసుమ ఆ మాటని గట్టిగా పట్టుకుంది. పాత ఇనుము కొనేవాడు గేటు దగ్గర కేక వేసినప్పుడల్లా "మాకేం లేవు, పో" అని తరిమేసేది. నా మీద ప్రేమ అనుకునేరు. ఊరి అల్లుళ్ళని మోసిన నేను ముప్ఫై ఏళ్ళు రుబ్బురోలు ఉద్యోగం చేశాను. ఎలుకలు సీట్లలో పిల్లలు పెట్టాయి. టైర్లు నేలకి అంటుకుపోయాయి.

నిరుడు వేసవిలో షెడ్డు తలుపు తీశారు. చంద్రమౌళి ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశాడట, దసరా వెళ్ళగానే పడగొడతారట. ఇల్లే లేనప్పుడు నైరుతి మూల ఎక్కడిది? ఇంక నన్ను కాపాడేది ఏముంది అనుకున్నాను. అంతలో తల నెరిసిన ఒక ఆడమనిషి లోపలికి వచ్చి, నా స్టీరింగు మీద దుమ్ము వేలితో తుడిచింది. హైమావతి. తండ్రి పోయినప్పటి నుంచీ పుట్టింటికి వస్తూ పోతూనే ఉంది గానీ, ఈ షెడ్డులోకి రావడం ఇదే మొదలు.

"ఇంకోసారి ఆలోచించుకో అక్కా. అంత చాకిరీ చేసి నడిపించేదేముంది ఇందులో?" అన్నాడు చంద్రమౌళి.

"మీ బావ ఈ ఇంట్లో అడుగు పెట్టలేదురా."

"ఎన్నిసార్లు రమ్మన్లా నేను?"

"ఫోన్లో రమ్మన్నావు. 'మీ నాన్న బండి వస్తే వస్తా' అంటాడు ఆయన. నవ్వుతానే అంటాడు. నలభై ఏళ్ళ బట్టీ అదే మాట. ఇల్లు పోయేలోపు ఒక్కసారి ఈ బండి ఆయన ఇంటి ముందు ఆగాలి. నువ్వు దిగి పిలవాలి."

చంద్రమౌళి తల గోక్కుని, "మాస్టారు అంత పట్టింపు మనిషా?" అన్నాడు. వరసకి బావే అయినా అతన్ని ఎప్పుడూ మాస్టారనే అనేవాడు.

ఈ కథంతా నేను నమ్మలేదు. నన్ను బాగు చేయించి సినిమావాళ్ళకో, పెళ్ళి ఫొటోలవాళ్ళకో అమ్మే ఎత్తు అనుకున్నాను. తర్వాత జరిగింది కూడా నా అనుమానానికి తగ్గట్టే ఉంది మరి. మస్తాన్ అనే మెకానిక్ వచ్చి నన్ను తన షెడ్డుకి లాక్కెళ్ళాడు. నేను గేటు దాటగానే కుసుమ ఆ మూలలో రుబ్బురోలూ తిరగలీ పెట్టించింది, పడగొట్టే ఇల్లయినా ఉన్నన్నాళ్ళు ఊరుకోదుగా. మస్తాన్ నా తలుపులు ఊడదీశాడు. ఇంజను పైకెత్తి బల్ల మీద పెట్టాడు. సీట్లు తీసి బయట పెట్టాడు. అడుగున తుప్పు పట్టిన రేకుని కోసేశాడు. బాగు చెయ్యడమూ చంపడమూ సగం దాకా ఒక్కలాగే ఉంటాయి, కారుకి తేడా ఎలా తెలుస్తుంది? హైమావతి వచ్చినప్పుడల్లా సెల్లుతో నా ఫొటోలు తీసుకునేది. బేరానికి పంపుతోందని నా గట్టి నమ్మకం.

డిక్కీ మాత్రం మస్తాన్‌కి లొంగలేదు. "తాళం ఇరగ్గొడదామా అమ్మా?" అని అడిగాడు. ఆ రోజు అక్కా తమ్ముడూ ఇద్దరూ అక్కడే ఉన్నారు. హైమావతి వద్దంటే, వెనక సీటు వెనక అట్ట తీసి, లోపలినుంచి చెయ్యి పోనిచ్చి గడియ లాగాడు. మూత కిర్రుమంటూ లేచింది. లోపల గుడ్డ నల్లగా అట్టకట్టి ఉంది. దాని మీద పొడిపొడిగా రేకులు, వాటి మధ్య జరీ దారం. జరీ ఇంకా కొంచెం మెరుస్తోంది.

"ఎవరి పెళ్ళివో" అన్నాడు చంద్రమౌళి.

హైమావతి వంగి చూసింది. వేలితో ఒక దారం ఎత్తింది, పక్కన ఇంకొకటి ఎత్తింది. "నాన్న డిక్కీలో పూరేకు మిగలనిచ్చేవాడారా?"

చీపురు పట్టుకున్న తండ్రి చంద్రమౌళికీ గుర్తే.

"నేను వెళ్ళినాక బండి ఎవరికన్నా ఇచ్చాడా?"

"ఇవ్వలా. నువ్వు గుంటూరు పోయిన్నాటి నుంచీ ఒక్క పెళ్ళికి కూడా ఇవ్వలా."

"రెండున్నాయి" అంది హైమావతి. పక్కనున్న స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. మస్తాన్ రేకు కోసే మోటారు ఆపేసి బయటికి వెళ్ళాడు. నాకు నోరుంటే ఆ పొద్దున గేటు దగ్గర జరిగిందంతా చెప్పేవాణ్ణి. ఆయన వచ్చేవాడే తల్లీ, సాంబయ్య ఆ ఒక్క మాట అడక్కపోతే వచ్చేసేవాడే అని. చంద్రమౌళి అక్క పక్కన నిలబడి, ఆ రేకుల్ని చాలాసేపు చూశాడు.

శ్రావణమాసంలో నేను నడిచాను. ఆదివారం పొద్దున చంద్రమౌళి ఒక్కడే స్టీరింగు ముందు కూర్చున్నాడు. హైమావతి కాలవ అవతల తన ఇంట్లోనే ఉండిపోయింది, పిలవడానికి వచ్చేసరికి అల్లుడి పక్కన కూతురు ఉండాలి గదా. అప్పటికి కూడా నాకు నమ్మకం లేదు. వంతెన ముందు పాత ఇనుము కొట్టు ఉంది. సరిగ్గా దాని దగ్గరికి రాగానే చంద్రమౌళి వేగం తగ్గించాడు. అయిపోయింది, అక్కకి చెప్పింది ఒకటి, నన్ను చేసేది ఇంకొకటి అనుకున్నాను. ఎదురుగా లారీ వస్తోంది, దానికి దారి ఇచ్చి వంతెనెక్కాడు. నాకు సిగ్గేసింది గానీ ఎక్కువసేపు కాదు.

వాన మొదలైంది. చిన్న డాబా ముందు ఆపాడు. యేసుపాదం గారు వరండాలోంచి గొడుగు లేకుండానే దిగి వచ్చారు. తెల్ల చొక్కా, చేతికర్ర. నన్ను చూసి ఆగిపోయారు. వాన ఆయన నెత్తిమీద పడుతూనే ఉంది. చంద్రమౌళి దిగి, ఇటు తిరిగొచ్చి ముందు తలుపు తీశాడు.

ఆయన తలుపు మీద చెయ్యి వేసి, లోపలికి చూసి, మెల్లిగా అన్నారు. "తడిసున్నా చంద్రమౌళీ. సీటు తడుస్తది."

ఆ సాయంత్రం స్టేషను ముందు, ఇదే సీట్లో కూర్చుని ఆ మాట విన్నవాడు చంద్రమౌళి.

"తడవనీ బావా" అన్నాడు. "ఎక్కు."

ఆయన ఎక్కారు. హైమావతి వెనక కూర్చుంది. మా గేటు దగ్గరికి వచ్చేసరికి కుసుమ ఎర్రనీళ్ళ పళ్ళెంతో నిలబడి ఉంది. వీధి అవతల అరుగు మీద, కుర్చీలో, తొంభై దాటిన సాంబయ్య కళ్ళు చికిలించి చూశాడు.

"ఎక్కడి నుంచిరా, పొద్దున్నే?"

సరిగ్గా అదే చోటు. నాకు బ్రేకు మీద అనుమానం, చంద్రమౌళి కాలి మీద ఇంకా అనుమానం. వాడు అద్దం పూర్తిగా దించాడు.

"మా బావని తీసుకొస్తన్నా మావయ్యా" అన్నాడు, వీధంతా వినేటట్టు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. నేను హైమావతి వాళ్ళ వరండా పక్కన రేకుల కింద ఉంటున్నాను. ఆ దండల దారాలు కొత్త గుడ్డలో చుట్టి మళ్ళీ డిక్కీలోనే పెట్టింది. నిన్న ఎవరో కుర్రాడు వచ్చి బానెట్ నిమిరి "సూపర్ బండి ఆంటీ" అన్నాడు, వాడికేం కావాలో ఇంకా తేలలేదు. ఆ ముందు సీటు మాత్రం వానాకాలం అయ్యేదాకా సరిగా ఆరలేదు. ఎండలో పెడదామని మస్తాన్ అన్నాడు గానీ, హైమావతి వద్దంది.