చెవికోత

కుళ్ళాయప్పను పామిడి ఏట్లో పూడ్చిపెట్టి మళ్ళీ తవ్వి తీశారని ఊర్లో మొదట చెప్పింది హనుమంతమ్మ. ఆమె కళ్ళతో చూసింది కాదు. రవికగుడ్డలు కొనడానికి పామిడి పోయిన నాగలక్ష్మమ్మ చూసిందట. నాగలక్ష్మమ్మ అయినా దగ్గర నిలబడి చూడలేదు, వంతెన మీద బస్సులోంచి చూసిందట. అయినా హనుమంతమ్మ చెప్పడంలో ఏ లోటూ రానివ్వలేదు. ఏట్లో చుక్క నీళ్ళు లేవట. కిరస్తానం వాళ్ళు నలుగురు పారలు తీసుకొని ఇసుకలో మనిషి పొడుగు గుంత తవ్వారట. ఊటనీళ్ళు మోకాటి లోతు రాగానే కుళ్ళాయప్పను వెల్లకిలా పండబెట్టి ముంచారట.

"లేసేతలికి మొలతాడు లేదంటక్కా! సచ్చి మళ్ళా పుట్టినావు పో అని చెప్పినారంట. సచ్చేది సరే, పుట్టినాక పాలెవురిచ్చినారో మరి!" అని బావి గట్టున ఆడవాళ్ళందరినీ నవ్వించింది.

ఇందులో అబద్ధం పెద్దగా లేదు. అది ఎనభైనాలుగు ఎండాకాలం. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. గుంత తవ్వారు, ముంచారు, లేపారు. పాస్టరు యేసన్న అతనికి పేతురు అని కొత్త పేరు పెట్టాడు. నీళ్ళలోంచి లేచినప్పుడు కుళ్ళాయప్పకు రొమ్ము మీద నుంచి బండ తీసినట్టే అనిపించింది. తడిబట్టలతో ఇసుక మీద కూర్చొని చాలాసేపు ఏడ్చాడు. నలభై ఏండ్ల మనిషి, గొర్రెలు కాసిన చేతులు, మొగం కప్పుకొని ఏడ్చాడు.

ఊరికి తిరిగి వచ్చేసరికి భార్య రామాంజినమ్మ పిల్లలిద్దరినీ తీసుకొని కంబదూరులో పుట్టింటికి పోయింది. మొలతాడు కట్టుకొని మారెమ్మకు మొక్కినాక పిలవమని పక్కింట్లో చెప్పిపోయింది. కులపోళ్ళు అతను బావి దగ్గరికి వస్తే నీళ్ళు తోడే చేద ఎత్తుకొని పోయేవాళ్ళు. దారిలో ఎదురైతే గొర్రెల వైపు తిరిగి వాటిని అదిలించేవాళ్ళు. అతన్ని పాత పేరుతో పిలిచేవాళ్ళే లేకపోయారు, ఇంక కొత్త పేరుతో పిలిచేదెవరు?

ప్రార్థన జరిగేది మాలమాదిగలుండే దిగువ గేరిలో, బోదగడ్డి కప్పిన కొట్టంలో. అక్కడివాళ్ళు మంచివాళ్ళు. అతను రాగానే చాప పరిచేవాళ్ళు. వాళ్ళు మాత్రం పాత అలవాటు కొద్దీ నేల మీదే కూర్చునేవాళ్ళు. "మీరూ చాప మీదికి రాండప్పా" అంటే నవ్వేవాళ్ళు, జరిగేవాళ్ళు కాదు. వాళ్ళు పాడుతుంటే అతను ఆ చాప మీద ఒక్కడే కూర్చొని పాడేవాడు.

ఊరు మొత్తం మీద అతనితో మాట్లాడే మనిషి ఒకే ఒక్కతి. ఊరి చివర, వానొస్తేనే పారే వంక పక్కన గుడిసెలో ఉండే ఓబమ్మ. మూడేండ్ల కిందట చనిపోయిన బయ్యన్న భార్య. బావి దగ్గర అతనికి నీళ్ళు దొరకవని తెలిసి, తను మోసుకొచ్చిన కడవలోంచి అతని బిందెలోకి సగం వంచేది. "ఏమబ్బీ, తిన్న్యావా?" అని అడిగేది. రోజు మొత్తంలో అతని చెవిన పడే మనిషి మాట అదొక్కటే. అయినా ఆమె కడవ వంచేటప్పుడు కుళ్ళాయప్ప ఆమె మొగం వైపు చూసేవాడు కాదు.

ఒక ఆదివారం కొట్టంలో ప్రభువు పేరున పంచే రొట్టె పళ్ళెం వచ్చింది. అందరూ తలా ఒక ముక్క తీసుకున్నారు. పళ్ళెం చాప దగ్గరికి వచ్చి ఆగింది. కుళ్ళాయప్ప చేయి మోకాలి మీద నుంచి లేవలేదు. పళ్ళెం అతన్ని దాటి ముందుకు పోయింది.

ప్రార్థన అయ్యాక యేసన్న సైకిలు నడిపించుకుంటూ అతని వెంట వచ్చాడు.

"ఏమప్పా పేతురూ, చేయి చాపల్యా?"

"చాపబుద్ధి కాల్యా అయ్యా. ఏట్లో ముంచినప్పుడు అన్నీ పాయనుకున్యా. ఒకటి పోల్యా."

దారి మధ్యలో నిలబడి, పన్నెండేండ్ల కిందటి సంగతి చెప్పాడు. యేసన్న సైకిలు స్టాండు కూడా వేయకుండా చేత్తో పట్టుకొనే అంతా విన్నాడు.

"దేవుడు నిన్ను క్షమించినాడు. దాంట్లో నాకు అనుమానం లేదు" అన్నాడు చివరికి. "అయితే నువ్వు ఆ మనిషి మీద వేసిన దొంగ పేరు ఇంకా ఊర్లోనే తిరుగుతాండాది గదా. దాన్ని ఎవరూ ముంచల్యా. నువ్వే తియ్యల్ల. పో, తీసేసి రా. పళ్ళెం యాడికీ పోదు, వచ్చే ఆదివారం మళ్ళా వస్తాది."

డెబ్బైరెండు కరువులో ఊర్లో గడ్డిపోచ లేకుండా పోయినప్పుడు, బయ్యన్నా కుళ్ళాయప్పా మందలు తోలుకొని కాలవ కింది ఊర్లకు వలస పోయారు. వాళ్ళ గొర్రెలతో పాటు ఊరి పెద్ద జయరాముడి గొర్రెలు కూడా వాళ్ళ కాపలాలోనే ఉన్నాయి. కుళ్ళాయప్పకు మంద కాయడం నేర్పింది బయ్యన్నే. అంబలి ఒకే ముంతలో తాగేవాళ్ళు.

ఆ సీమలో ఎవరి గొర్రెలో గుర్తుపట్టడానికి ప్రతి ఇంటి గొర్రెకూ ఒక చెవికోత ఉంటుంది. జయరాముడి గొర్రెలకు కుడి చెవికి ఒక గాటు. కుళ్ళాయప్పవాటికి కుడి చెవికే రెండు గాట్లు. బయ్యన్న గొర్రెలకు ఎడమ చెవి కొస కోసి ఉంటుంది. దారిలో కుళ్ళాయప్ప గొర్రెలు సగం రోగమొచ్చి చచ్చాయి. ఒకరోజు బయ్యన్న జొన్నపిండికని ఊర్లోకి పోయినప్పుడు, కుళ్ళాయప్ప జయరాముడి గొర్రెలు నాలుగింటిని పట్టుకొని ఒక్కొక్క గాటు ఎక్కువ పెట్టాడు. ఒకటిని రెండు చేయడానికి ఎంతసేపు? రక్తం మీద బూడిద అద్దాడు. నాలుగు నెలలకు ఊరు చేరేసరికి గాట్లు మానిపోయాయి.

చావిడి దగ్గర లెక్క చూస్తే జయరాముడివి నాలుగు గొర్రెలు తక్కువ. జయరాముడు రెండు మందల్లోనూ దూరి ఒక్కొక్క చెవీ పట్టుకొని చూశాడు. రెండు గాట్లున్నవి కుళ్ళాయప్పవి, అందులో అనుమానం ఏముంది? దారిలో ఎవరో అమ్ముకొని ఉండాలి. ఎవరని అడిగారు.

"నాకు తెలీదప్పా. ఎనకపక్క కాసేది బయ్యన్న" అన్నాడు కుళ్ళాయప్ప.

అంతే. దొంగ అని అతను అనలేదు. మిగతాది ఊరే పూర్తి చేసింది. దండుగ కింద బయ్యన్న గొర్రెలు పట్టుకుపోయారు. అతని చేతికి ఇంకెవరూ గొర్రెను ఇవ్వలేదు. బయ్యన్న ఊరి చివర గుడిసె వేసుకొని, కరువు పనుల్లో కంకర కొట్టి, ఆ దుమ్ముకు రొమ్ము పాడై దగ్గి దగ్గి చనిపోయాడు. ఆ రోజు చావిడి దగ్గర అతను ఒకసారి కుళ్ళాయప్ప మందలోకి చూసి, తర్వాత కుళ్ళాయప్పను చూసి, తల దించుకున్నాడు. ఆ చూపుకు అర్థమేమిటని పన్నెండేండ్లుగా కుళ్ళాయప్ప తనలో తాను అడుగుతూనే ఉన్నాడు.

చెప్పాలని నిర్ణయించుకున్నాక కూడా అతనికి వారం పట్టింది. చెబితే ఆ కడవ వంగడం ఆగిపోతుంది. "తిన్న్యావా" అని అడిగే గొంతు ఉండదు. శనివారం నాటికి ఇంక ఆగలేక వంక పక్కకు పోయాడు. ఓబమ్మ గుడిసె నీడలో కూర్చొని విత్తనం చెనక్కాయలు ఒలుస్తోంది.

"కూచో అబ్బీ. నీళ్ళకా? కడవలో ఉండాయి, పోసుకో."

"నీళ్ళకు కాదు వదినా."

నిలబడే చెప్పాడు. పన్నెండేండ్లు మోసిన మాట, ఆమె పిడికెడు కాయలు ఒలిచే లోపలే అయిపోయింది. ఆమె వేళ్ళు ఆగలేదు. పొట్టు ఒకపక్క, గింజలు ఒకపక్క పడుతూనే ఉన్నాయి.

"ఆ నాలుగిట్లో ఒకదానికి మూతి మీద నల్లమచ్చ ఉండల్ల" అంది ఓబమ్మ.

కుళ్ళాయప్ప అవునని తల ఊపాడు.

"ఆ పొద్దు చావిడి కాడ్నుంచి వచ్చి ఆయప్ప నాతో మొదట చెప్పింది ఆ మచ్చ మాటే. జయరాముడు చెవులు చూసినాడు, నేను మొగాలు చూసినా అన్యాడు."

"తెలిసీ ఎందుకు చెప్పల్యా వదినా?"

"నేనూ అదే అడిగినా. తిట్టినా. అన్నం పెట్టకుండా పండబెట్టినా. 'వాడు నా చేతికింద పెరిగినోడు, వాడే వచ్చి చెప్తాడు చూడు' అన్యాడు. అదే మాట. బయట కుక్క మొరిగితే తల ఎత్తేటోడు, నువ్వేమో అని. దగ్గుతా దగ్గుతా కూడా ఎత్తినాడు."

కుళ్ళాయప్ప ఆమె ముందర నేల మీద కూర్చున్నాడు.

"అంతా తెలిసే నాకు నీళ్ళు పోసినావా?"

"దప్పికైనోనికి నీళ్ళు పొయ్యకుండా ఉండేదానికి నేనేమన్నా జయరాముణ్ణా?"

అతను ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"నన్ను పట్టుకోవద్దబ్బీ. నాతో చెప్తే ఈ గుడిసె దాటదు. ఆ మాట యాడన్నావో ఆడికే పోయి చెప్పు."

ఆమె గుడిసె నుంచి చావిడికి ఎంతో దూరం లేదు. అయినా ఆ దారి అతనికి తెగలేదు. ఎండకు బండలు కాలుతున్నాయి. ప్రార్థన చేద్దామని చూశాడు. కొట్టంలో నేర్చుకున్న మాటలేవీ రాలేదు. "అయ్యా, నా కూడా వస్తాండావా?" అని మాత్రం వచ్చింది. గాలి దుమ్ము లేపింది, అంతకంటే ఏమీ వినపడలేదు. కాళ్ళు మాత్రం వెనక్కి తిరగలేదు.

చావిడి అరుగు మీద అంజినప్ప, ఇంకో నలుగురు పులిజూదం ఆడుతున్నారు. జయరాముడు గోడకు ఆనుకొని తుండుగుడ్డతో విసురుకుంటున్నాడు. కుళ్ళాయప్ప కింద నిలబడి, నాలుగు గొర్రెల సంగతి, కత్తి సంగతి, బూడిద సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు.

అంజినప్ప పకపకా నవ్వాడు. "ఏటి గుంతలో నీళ్ళు తలకెక్కినాయబ్బా వీనికి!"

"ఆ మతంలో ఇట్ల చెప్పుకోకపోతే కూడు పుట్టదేమోలే" అన్నాడు ఇంకొకడు, పులిని జరుపుతూ.

జయరాముడు నవ్వలేదు. ఆ రోజు చెవులు పట్టుకొని చూసింది అతనే, తీర్పు చెప్పిందీ అతనే.

"ఎప్పటి మాటప్పా ఇది! ఇప్పుడు తవ్వితే ఆ గొర్రెలు లేచొస్తాయా?"

"నీ గొర్రెలకు గొర్రెలు తోలిస్తా. నేనొచ్చింది దానికి కాదు" అన్నాడు కుళ్ళాయప్ప. "బయ్యన్న దొంగ కాదు. దొంగను నేను. ఎనకపక్క కాసేది బయ్యన్న అని ఈడనే నిలబడి చెప్పినా. ఆ పొద్దు అందరూ విన్యారు. ఇదీ అందరూ వినల్ల."

ఆట ఆగిపోయింది. అప్పుడు చూశారు వాళ్ళు, కుళ్ళాయప్ప వెనక కొంత ఎడంగా ఎండలో నిలబడిన ఓబమ్మను. ఎప్పుడు వచ్చిందో! చీర కుచ్చిళ్ళకు చెనక్కాయ పొట్టు అంటుకొని ఉంది. పన్నెండేండ్లుగా ఆమె చావిడి వైపు రాలేదు.

జయరాముడు గొంతు సవరించుకున్నాడు. తుండుగుడ్డ మడిచి భుజం మీద వేసుకున్నాడు.

"సరేలే, ఏదో జరిగిపాయ. మేమూ తెలీక చేసినాము. వాడు తప్పొప్పుకున్యాడు, చాలు. ఓబమ్మా, నువ్వు గూడా అందరినీ క్షమించినానని ఒక్క మాట అనేయ్, ఈడికి అయిపోతాది."

ఓబమ్మ ఒక్కొక్కరి మొగమే చూసుకుంటూ వచ్చింది, మందలోకి చూసినట్టు.

"మీరు దొంగను చేసింది నన్ను కాదప్పా, ఆయప్పను. వంక గట్టున మట్టికింద పండుకోనుండాడు. వీడు ఒక్కడే వచ్చి చెప్పినాడు, తరిమింది మాత్రం మీరందరూ గదా. లెయ్యండి, పోయి ఆయప్పనే అడుగుదురు గాని."