జీను కింద

ఎడమ బూటు ఎక్కడం లేదు. హిన్రిక్ నేలమీద మోకాళ్ళూని, రెండు చేతులతో దాన్ని పైకి లాగుతున్నాడు.

“బూటు కుంచించుకుపోయింది,” అన్నాడు జనరల్.

“బూటుకేం రోగం అయ్యగారూ? ఉబ్బింది మీ పాదం. డాక్టరు ఉప్పు వద్దన్నాడా లేదా? రాత్రి ఎండుచేప ఎవరు తిన్నారు?”

“పిల్లి.”

“మనకు పిల్లి లేదు.”

జనరల్ నవ్వలేదు గానీ, పాదం ఇంకాస్త ముందుకు చాపాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఓడి, చక్రవర్తి దేశం విడిచి వెళ్ళాక, జనరల్ ఎగ్‌బెర్ట్ ఫాన్ రాల్‌వెడెను సైన్యం ఇంటికి పంపేసింది. సెల్లె పట్టణం చివర ఇటుకల ఇల్లు, వెనక ఒక్క గుర్రానికి సరిపడే సాల. అందులో థెక్లా, ఆయనతో పాటు యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఎర్రటి ఆడగుర్రం. గుండె జబ్బు ముదిరి ఆయన స్వారీ మానేశాడు. అయినా రోజూ పొద్దున్నే, ఒకప్పుడు ఆయన దళంలోనే రౌతుగా ఉన్న నౌకరు హిన్రిక్ దానికి జీను వేసి పెరట్లో నిలబెడతాడు. జనరల్ బూట్లు తొడుక్కుని బెంచీ మీద కూర్చుని చూస్తాడు. మధ్యాహ్నం ఆయన లోపలికి వెళ్ళాక హిన్రిక్ జీను దించుతాడు.

కుర్రవాడిగా ఆశ్విక దళంలో చేరిన నాటి నుంచీ ఆయన ఒక్క ఉదయం కోసమే బతికాడు. బరిసెలు ముందుకు వంచి దళమంతా ఒక్కసారిగా దూకే ఉదయం. ఏటేటా విన్యాసాల్లో దాన్నే సాధన చేయిస్తూ మేజరయ్యాడు, కర్నలయ్యాడు, జనరలయ్యాడు. బెల్జియంలో అది వచ్చేసిందనుకున్నాడు. తెల్లారేసరికి ఆజ్ఞ రావచ్చు, ఎవరూ జీను దించవద్దన్నాడు. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. ఆగస్టు ఎండ, దుమ్ము, చెమట. ఆజ్ఞ రాలేదు. చివరికి జీన్లు దించితే గుర్రాల చర్మం వాటితో పాటే ఊడివచ్చింది. ఆ సాయంత్రం పొద్దుపోయేదాకా తుపాకులు పేలుతూనే ఉన్నాయి. పేల్చింది శత్రువులు కాదు, ఆ గుర్రాల రౌతులే. తర్వాత మనుషులు కందకాల్లోకి దిగారు. ఆ ఉదయం ఇక రానేలేదు.

గుర్రం దిగి, కళ్ళెం ఎవరి చేతికో ఇచ్చి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవడం ఆయనకు అలవాటు. తన చేత్తో ఏనాడూ జీను దించి ఎరగడు.

ఈ రోజు మధ్యాహ్నమైనా ఆయన లోపలికి వెళ్ళలేదు.

“జీను నేను దించుతాను.”

“వద్దండీ. బరువు.”

“ఎంత బరువో చూడాలి.”

పట్టీ విప్పడానికి వేళ్ళు చాలాసేపు తడబడ్డాయి. జీను జారుతుంటే హిన్రిక్ ఆయనకు తెలియకుండా కింద చెయ్యి పెట్టాడు. థెక్లా వీపు తడిసి ఉంది. మూపు దగ్గర, ఎర్రటి చర్మం మీద, అరచేయంత తెల్లమచ్చలు.

“ఇవేమిటి?”

“పుండు మానిన చోట వెంట్రుకలు తెల్లగా వస్తాయండి. బెల్జియంవే.”

ఇన్నేళ్ళూ ఆయన కూర్చున్నది వీటి మీదే. చూడటం ఇదే మొదలు.

“నీ గుర్రానికో?”

“దానికి మానలేదు. నేనే కాల్చాను.”

“అప్పుడే నాకెందుకు చెప్పలేదు?”

“జీను కింద వాసనొస్తోందని సార్జంటుతో అన్నాను. నోర్ముయ్యమన్నాడు. మీతో చెప్పేదెలా అయ్యగారూ? మీరెప్పుడూ గుర్రం మీదే ఉండేవారు.”

జనరల్ చెయ్యి ఆ తెల్లమచ్చ మీదే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా తాను ఎదురుచూసింది ఆ గుర్రాల చావుకు శిక్ష కోసమని ఆయనకు అప్పుడు తోచింది. శిక్షకు బదులు హిన్రిక్ రోజూ బూట్లు తొడిగాడు, సూపు వడ్డించాడు.

“అయినా నా దగ్గరే ఉన్నావు.”

“మీకోసమని ఎవరన్నారు? దీనికోసం.”

వేళాకోళమో కాదో ఆ ముఖంలో తెలియలేదు. హిన్రిక్ గుప్పెడు గడ్డి మెలిపెట్టి ఆయన చేతిలో పెట్టాడు.

“ఊరికే నిలబడకండి. చెమట ఆరితే దానికి దురద. వెంట్రుకల వాలు చూసి రుద్దండి. మచ్చల దగ్గర మెల్లగా.”

నీళ్ళకు వెళుతూ హిన్రిక్ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆయన రుద్దుతున్నాడు, నేర్చుకుంటున్న వాడిలా, పెదవి కొరుకుతూ. గుర్రం కళ్ళు అరమూసుకుంది.

బకెట్టుతో తిరిగొచ్చేసరికి జనరల్ బెంచీ మీద ఉన్నాడు. తల గోడకు వాలి ఉంది, ఛాతీ కదలడం లేదు. థెక్లా ఆయన భుజం వాసన చూసి, తల ఎత్తి, దూరంగా జరిగింది. హిన్రిక్ బకెట్టు దించి, ఏం చేయాలో తోచక, ముందు ఆ ఎడమ బూటు లాగేశాడు.

బెంచీ మీద, ఆయన చేతి పక్కన, గడ్డి మెలిక మెల్లగా విచ్చుకుంటోంది. దానికి ఎర్రటి వెంట్రుకలు, వాటి మధ్య ఒకటి రెండు తెల్లవి, ఇంకా తడితడిగా అంటుకుని ఉన్నాయి.