అమ్మని దాది అన్న రోజు

ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుడుతూ ఇనాస్ మర్నాటి పాఠం గురించే ఆలోచిస్తోంది. కాలేజీలో ఏళ్ల తరబడి చెబుతున్న పాత నవలే. మేడలో ఒక హానిమ్, అంటే దొరసాని, ఆవిడ బిడ్డకి పాలిచ్చే ఒక దాది. హానిమ్‌కి దిగులు పుడితే అధ్యాయాలకి అధ్యాయాలు సాగుతాయి. దాది సొంత బిడ్డ పోయిన సంగతి మాత్రం ఒకే ఒక్క వాక్యం, అదీ ఆ రోజు హానిమ్ కాఫీ ఎందుకు ఆలస్యమైందో చెప్పడానికి. ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి ఏటా ఇనాస్ చదవడం ఆపి పుస్తకం దించేస్తుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇంట్లో చెప్పుకుందామంటే భర్త హాతిమ్‌ది ఒకటే మాట: "పాఠాలు ఇంటికి మోసుకురాకు. సలాడ్ అయిందా?" ఆయనా అదే కాలేజీలో ప్రొఫెసర్. ఇంటికొచ్చాకా ప్రొఫెసరే. ఆమె మాత్రం చెప్పులతో పాటు ఆ ఉద్యోగాన్నీ గుమ్మం దగ్గర విప్పేసి వంటింట్లోకి నడవాలి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం డీన్ మురాద్, ఆయన భార్య గుల్ఫిదాన్ హానిమ్ భోజనానికి వస్తున్నారు. హాతిమ్ శాఖాధిపతి కావడం, కాకపోవడం డీన్ చేతుల్లో ఉంది. వాళ్లు రావడానికి ఇంకో రెండు గంటలుందనగా దమన్హూర్ నుంచి ఇనాస్ తల్లి సనియ్యా బస్సు దిగి వచ్చింది. నల్లటి పల్లెటూరి గౌను, చేతిలో బుట్ట, అందులో పావురాలు, నెయ్యి ఓడుతున్న రొట్టెలు. ఒకప్పుడు ఇదే అలెగ్జాండ్రియా మేడల్లో అంట్లు తోమి, బట్టలుతికి కూతుర్ని చదివించిన మనిషి.

హాతిమ్ భార్యని పక్కకి పిలిచాడు. "ఇవాళే రావాలా ఆవిడ? లోపలే ఉండమను. ఈ ఒక్క పూటే కదా."

ఎలా చెప్పాలా అని ఇనాస్ తడబడుతుండగానే సనియ్యా ఆమె చేతిలో ఆకు అందుకుంది. "విన్నాలే తల్లీ. నాకీ వంటిల్లే హాయి." తల్లి అంత తేలిగ్గా ఒప్పేసుకోవడం ఇనాస్‌కి చెంప మీద కొట్టినట్టయింది.

భోజనాల బల్ల దగ్గర మాటలు ఆ నవల మీదికే మళ్లాయి.

"ఆ ఇద్దరాడవాళ్లకీ తేడా చూపించడంలోనే ఉంది రచయిత ప్రతిభంతా," అన్నాడు డీన్. "ఒకరు పట్టు, ఒకరు గోనె."

"ఆ హానిమ్ కోసం ఎంత ఏడ్చానో!" అంది గుల్ఫిదాన్.

"మరి దాది?" అడిగింది ఇనాస్.

"దాదికేముందమ్మా?" పెదవి విరిచింది గుల్ఫిదాన్. "వాళ్లకి అలవాటైపోతుంది. మనలా లోలోపల కుమిలిపోవడం వాళ్లకెక్కడ తెలుసు?"

వేయించిన పావురాలు చల్లారిపోతున్నాయని అప్పుడే సనియ్యా పళ్లెం పట్టుకొచ్చింది.

"పనిమనిషి దొరికిందా? అదృష్టవంతులు," అంది గుల్ఫిదాన్.

హాతిమ్ తడుముకోలేదు. "చిన్నప్పుడు ఇనాస్‌ని పెంచిన దాది. చూసిపోదామని వచ్చింది."

ఇనాస్ తల్లి వైపు చూసింది. ఆ ముఖంలో ఒక్క గీత కదల్లేదు. "అవును హానిమ్. ఈ చేతుల్లోనే పెరిగింది," అని సనియ్యా ఖాళీ గిన్నెలు తీసుకుని వెళ్లిపోయింది.

"చూశారా, ఎంత విశ్వాసమో!" అంది గుల్ఫిదాన్. అందరూ నవ్వారు. ఇనాస్ కూడా నవ్వింది. ఆ నవ్వు తన పెదాల మీద ఉందని ఒక క్షణం తర్వాతే తెలిసింది. దాదికి ఒక్క వాక్యమేనా అని ఏటా ఆ రచయితని క్లాసులో నిలదీసేది. ఇవాళ తన బల్ల దగ్గర, తన తల్లికి, ఆ ఒక్క వాక్యమైనా తను ఇవ్వలేకపోయింది. చుట్టూ అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. ఎవరూ లేని ఇంట్లో కూడా ఆమెకి ఇంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

తన పళ్లెం తీసుకుని లేచి వెళ్లింది. వంటింట్లో సనియ్యా పొయ్యి పక్కన నిలబడి గిన్నెకి అంటుకున్న అన్నం వేళ్లతో గీక్కుని తింటోంది.

"అయ్యో, మధ్యలో లేచొచ్చావేం? తప్పు తల్లీ, వెళ్లు."

ఇనాస్ రెండు స్టూళ్లు లాగింది. తల్లిని భుజాలు పట్టి కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చుని పళ్లెం ఇద్దరి మధ్యా పెట్టింది. సనియ్యా చేతులు గౌనుకి తుడుచుకుంది.

హాతిమ్ గుమ్మంలోకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "ఏం చేస్తున్నావిక్కడ? వాళ్లు నీకోసం చూస్తున్నారు. ఏమని చెప్పను?"

ఇనాస్ గొంతు తగ్గించలేదు. ముందు గదిలో వాళ్లకి కూడా వినబడేలా అంది.

"మా అమ్మతో భోంచేస్తున్నానని చెప్పు."